వెన్నలాంటి మనసుకు గుర్తు

ప్రశ్న: మాది చిత్తూరు. నాకు 56 ఏళ్లు. పదేళ్లుగా రోజూ విష్ణు సహస్రనామం చదువుకుంటున్నాను. కిందటి నెలలో వారం రోజులు తిరుమలలో శ్రీవారి సేవకు వెళ్లి అన్నప్రసాద భవనంలో వడ్డన చేశాను. ఎంతమంది వచ్చినా, ఎంత విసిగించినా ఎవరినీ ఒక్క మాట అనలేదు. సేవ ముగించుకుని సాయంత్రం ఇల్లు చేరి వంటింట్లోకి వెళ్లేసరికి పాలు పొంగిపోయి పొయ్యి మీద అట్టకట్టి ఉన్నాయి. కోడలు గదిలో ఆఫీసు పని చేసుకుంటూ ఉంది. ‘ఏమ్మే, మీ అమ్మ నీకు నేర్పించింది ఇదేనా?’ అనేశాను. ఆ పిల్లది తెనాలి. పెళ్లయి మూడేళ్లయింది. ఆ రోజు నుంచి నేనేమన్నా ‘సరే అత్తయ్యా’ తప్ప ఇంకో మాట లేదు. పాలు పొంగిన మాట నిజం, కాణిపాకంలో ప్రమాణం చెయ్యమన్నా చేస్తాను. నా మనసులో ఏమీ ఉండదు, నా నోరే అంత. మా అబ్బాయి క్షమాపణ చెప్పమంటున్నాడు. పెద్దదాన్ని, కోడలికి ఎట్లా చెప్పేది? దీనికంటే మౌనవ్రతం పట్టడం మేలనిపిస్తున్నది. కొండ మీద అంత చల్లగా ఉన్న నోరు ఇంటికి వచ్చేసరికి ఏమవుతున్నది? ఈ నోటితో మళ్లీ సేవకు వెళ్లే అర్హత నాకుందా?
– ఒక సోదరి, చిత్తూరు

సమాధానం:

సోదరికి నమస్కారం. మీ ఉత్తరం చాలా పెద్దది, స్థలం చాలక పైన కుదించి ఇచ్చాము. మీ తప్పును మీరే ఎత్తి చూపుకొని, దానికి కారణం వెతుక్కుంటున్న తీరు చూస్తే మీకు ఓదార్పు కంటే సూటియైన సమాధానమే కావాలని నాకు తోచింది. అందుకని మీరు దాదాపు దారిలో చెప్పి వదిలేసిన ఒక వాక్యం దగ్గరే మొదలుపెడతాను. ‘నా మనసులో ఏమీ ఉండదు, నా నోరే అంత’ అన్నారు. మన ఇళ్లలో ఈ మాట వినని రోజు ఉండదు. నోరు కటువు గాని మనసు వెన్న అని పెద్దవాళ్లను వెనకేసుకొస్తాము, మన గురించి మనమూ అట్లాగే అనుకుంటాము. ఈ మాటకు తెలుగులో ఒక పెద్ద ఆధారమే ఉంది. అయితే ఆ ఆధారాన్ని మనం సగం వరకే తలచుకుంటున్నాము.

నన్నయ భారతం ఆదిపర్వంలో ఉదంకుడి కథ మీకు తెలిసే ఉంటుంది. గురుపత్ని కోరిందని పౌష్య మహారాజు భార్య కుండలాలు అడిగి తెచ్చుకోవడానికి అతడు వెళతాడు. కుండలాలు దొరుకుతాయి, రాజు భోజనానికి కూర్చోబెడతాడు, వడ్డించిన అన్నంలో వెంట్రుక కనబడుతుంది. అంత విద్య చదివిన శిష్యుడు ఆ వెంట్రుకను చూసి, అన్నం పెట్టిన రాజును గుడ్డివాడివి కమ్మని శపిస్తాడు. ఇంత స్వల్ప దోషానికి శాపమా అని రాజు అతన్ని సంతానం లేనివాడివి కమ్మని తిరిగి శపిస్తాడు. సోదరీ, కాస్త ఆగి చూడండి, ఇది కూడా వంటింటి తగాదానే. అక్కడ వెంట్రుక, మీ ఇంట్లో పొంగిన పాలు. ఇద్దరికీ ఆవేశం దిగిన తరువాత శాపాలు వెనక్కి తీసుకోవడం గురించి మాట వస్తుంది, అప్పుడు పౌష్యుడు ఈ పద్యం చెబుతాడు:

నిండుమనంబు నవ్యనవనీతసమానము పల్కు దారుణా
ఖండలశస్త్రతుల్యము జగన్నుత విప్రులయందు నిక్క మీ
రెండును రాజులందు విపరీతము గావున విప్రుడోపు నో
పం డతిశాంతుడయ్యు నరపాలుడు శాపము గ్రమ్మఱింపగన్.

విప్రుల మనసు అప్పుడే తీసిన వెన్న, మాట ఇంద్రుడి వజ్రాయుధం. రాజులలో ఈ రెండూ తారుమారు. కాబట్టి విప్రుడు తాను పెట్టిన శాపాన్ని మరల్చుకోగలడు, రాజు ఎంత శాంతుడైనా మరల్చలేడు అని దీని భావం. ఇందులో కులాల ప్రస్తావనను పక్కన పెట్టి మనసు తీరు వరకే చూద్దాము. మనం ఊరూరా వాడుకుంటున్నది మొదటి పాదాన్ని మాత్రమే. వెన్నలాంటి మనసు ఉంది కాబట్టి వజ్రంలాంటి మాట చెల్లిపోతుందని ఈ పద్యంలో ఎక్కడా లేదు. పద్యం బరువంతా చివర ‘గ్రమ్మఱింపగన్’ అన్న మాట మీద ఉంది. క్రమ్మరించడమంటే మరల్చడం, వెనక్కి తీసుకోవడం. మనసు వెన్న అనడానికి పౌష్యుడు చూపించిన గుర్తు ఇదొక్కటే, అన్న మాటను వెనక్కి తీసుకోగలగడం. ఉదంకుడు ఆ గుర్తును నిలబెట్టుకున్నాడు, తన శాపం త్వరలోనే తొలగిపోతుందని చెప్పి వెళ్లాడు. రాజు తీసుకోలేకపోయాడు, తన మనసు మెత్తన కాదని తానే ఒప్పుకున్నాడు.

‘పెద్దదాన్ని, ఎట్లా చెప్పేది’ అన్న మీ ప్రశ్నకు నా జవాబు ఈ పద్యంలోనే ఉంది. మీ మనసులో ఏమీ లేదని మీరంటున్నారు, నేను నమ్ముతున్నాను. మీ కోడలు నమ్మడానికి మాత్రం ఆమె దగ్గర ఇంతవరకు ఏ గుర్తూ లేదు, ఆమె చెవిన పడినది మీ మాట ఒక్కటే. మనసు లోపల ఉంటుంది, మాట బయటికి వచ్చి ఎదుటివారి ఇంట్లో కాపురం పెడుతుంది. అది మీకు వచ్చి పోయిన కోపమే కావచ్చు గాని, ఆమె దగ్గర ఇంకా అట్లాగే ఉంది. వయసు తక్కువైనవాళ్లు మాట వెనక్కి తీసుకుంటే దానిలో భయమూ కలిసి ఉంటుంది, పెద్దవాళ్లు తీసుకున్నప్పుడు మనసు తప్ప మరొకటి ఉండదు. పెద్దరికం అందుకు అడ్డమని అనుకోకండి.

ఇక కాణిపాకం మాట. మన జిల్లావాళ్లకు వరసిద్ధి వినాయకుడి ముందు ప్రమాణం అంటే ఎంత భయభక్తులో నాకు తెలుసు, అందులో నిజం పట్ల ఉన్న గౌరవాన్ని నేను తక్కువ చెయ్యను. పాలు పొంగిన మాట నిజమే. అయితే మీరు అన్నది రెండు వాక్యాలకు సరిపడే మాట. పాలు పొంగిపోయాయన్నది ఒకటి, అది పాల గురించి. మీ అమ్మ నేర్పించింది ఇదేనా అన్నది రెండోది, అది తెనాలిలో తన మానాన తాను ఉన్న ఒక తల్లి గురించి. మొదటిదానికి మీరు ప్రమాణం చెయ్యగలరు. రెండోదానికి ఏమని చేస్తారు? కోపం వచ్చినప్పుడు మనం దాదాపు ఎప్పుడూ చేసే పని ఇదే, చిన్న నిజాన్ని ముందు నడిపించి దాని వెనకాల నిజం కాని దాన్ని పంపిస్తాము. తరువాత ఎవరైనా అడిగితే ముందు నడిచినదాన్ని చూపించి, నేనేమైనా అబద్ధం చెప్పానా అంటాము. కాణిపాకం స్థలపురాణంలో బావి తవ్విన ముగ్గురు అన్నదమ్ములలో ఒకరు గుడ్డి, ఒకరు మూగ, ఒకరు చెవిటి అని చెబుతారు. స్వామి మూగవాడికి మాట ఇచ్చిన చోటే చెవిటివాడికి వినికిడినీ ఇచ్చాడు. ప్రమాణానికి వెళ్లే మనం మాటనే తలచుకుంటాము, వినేవాళ్లను మరచిపోతాము.

భగవద్గీత పదిహేడో అధ్యాయంలో వాక్కుకు సంబంధించిన తపస్సును చెప్పిన శ్లోకం మీరు చాలాసార్లు విని ఉంటారు:

అనుద్వేగకరం వాక్యం సత్యం ప్రియహితం చ యత్
స్వాధ్యాయాభ్యసనం చైవ వాఙ్మయం తప ఉచ్యతే.

ఎదుటివారిని కలవరపెట్టనిది, సత్యమైనది, ప్రియమైనది, హితమైనది అయిన మాట, వాటితో పాటు వేదాది గ్రంథాల పఠనం, ఇవి కలిసి వాక్కు చేసే తపస్సు. ఈ వరసలో సత్యం రెండోది. కలవరపెట్టకపోవడం దానికి ముందే ఉంది. నిజం చెప్పవద్దని దీని అర్థం కాదు. ప్రియం కోసం అబద్ధం చెప్పకూడదని మన ధర్మశాస్త్రం వేరే చెప్పనే చెప్పింది. నిజాన్ని ఎట్లాంటి గిన్నెలో పోసి అందిస్తున్నామో ముందు చూసుకోమని ఈ వరస చెబుతున్నట్టు నాకు తోస్తుంది. మీరు చూడవలసిన మరో సంగతి రెండో పాదంలో ఉంది. మీరు పదేళ్లుగా చేస్తున్న సహస్రనామ పారాయణం కూడా ఈ శ్లోకంలో చెప్పిన పఠనం కిందికే వస్తుంది. మిగిలినవాటికీ దానికీ మధ్యన ‘చ’ అని పెట్టి కలిపేశారు. పొద్దున ఆరింటికి పటాల ముందు కూర్చొని చేసేది ఒక ఖాతా, ఏడింటికి వంటింట్లో అనేది మరో ఖాతా అని గీత లెక్క రాయలేదు. నోరు ఒక్కటే కనుక తపస్సూ ఒక్కటే.

మౌనవ్రతం సంగతి కూడా ఇక్కడే చెబుతాను. మౌనాన్ని గీత ఈ శ్లోకంలో పెట్టలేదు. దీని తరువాతి శ్లోకంలో, మనసు చేసే తపస్సులో పెట్టింది, మనసు తేటగా ఉండడం, సౌమ్యత అన్నవాటి పక్కన. నోరు మూసుకొని లోపల పాలు పొంగుతూ ఉంటే అది మౌనం కాదు. పైగా మీ ఇంట్లో ఇప్పటికే ఒకరు మాట్లాడడం మానేశారు. మీరూ వ్రతం పడితే అది వ్రతమని మీకొక్కరికే తెలుస్తుంది. ఆ పిల్లకు అలకగా కనబడుతుంది, మీ అబ్బాయికి శిక్షగా కనబడుతుంది. దయచేసి ఇప్పుడు ఆ పని చెయ్యకండి.

కొండ మీద నోరు, ఇంట్లో నోరు గురించి అడిగారు. నేను దీన్ని కపటం అనుకోను, మీరూ అనుకోవద్దు. కొండ మీద మీ మెడలో సేవా కండువా ఉంది, చేతిలో అన్నం బేసిన్ ఉంది, పంక్తిలో కూర్చున్న ప్రతివాళ్లూ స్వామి ఇంటికి భోజనానికి వచ్చినవాళ్లు. ఎవరో తమిళంలో రసం అడిగి ఉంటారు, పసిబిడ్డ సాంబారు ఒలకబోసి ఉంటుంది, మీరు వంగి ‘ఇంకొంచెం పెట్టమంటారా’ అని అడిగి ఉంటారు. ఒలికిన సాంబారును చూసి ఆ బిడ్డ తల్లికి వాళ్లమ్మ ఏం నేర్పిందని మీకు ఒక్క క్షణం కూడా తోచి ఉండదు, ఎందుకంటే ఆ అన్నం మీది కాదు, ఆ నేల మీది కాదు, ఆ బిడ్డ మీది కాదు. ఇంట్లో పొయ్యి మీది, పాలు మీవి, కోడలు మీది. ‘నాది’ అన్నది వచ్చిన చోట చనువు వస్తుంది, చనువు వచ్చిన చోట మాటకు పహరా ఉండదు. పరాయివాళ్లకు దొరికిన మర్యాద సొంతవాళ్లకు దొరకకపోవడం చాలా ఇళ్లలో చూశాను, మా ఇంట్లోనూ చూశాను. మీరు వారం రోజులు వడ్డించిన భవనానికి తరిగొండ వెంగమాంబ పేరు పెట్టారు. పాత చిత్తూరు జిల్లాలో పుట్టిన ఆ తల్లి చిన్నతనంలోనే భర్తను పోగొట్టుకొని, ఆచారం పేరుతో చెప్పినదానికి తల వంచనందుకు సొంత ఊరివాళ్ల చేత, అయినవాళ్ల చేత ఎన్ని మాటలు పడిందో కథలు కథలుగా చెప్పుకుంటాము. ఆమెను అన్నది పరాయివాళ్లు కాదు. ఈ రోజుకూ తిరుమలలో రాత్రి ఏకాంత సేవ వేళ ఆమె పేరు మీద ముత్యాల హారతి ఇస్తారు.

ఒక సంగతి మీకు తట్టి ఉండదు, చెప్పడం నా బాధ్యత. మన చిత్తూరు, తిరుపతి వైపు ‘మే’ అన్నది చనువు. ‘రామ్మే, కూర్చోమే’ అని పక్కింటామెను పిలిచి చెంగు పట్టుకొని లాక్కుపోతాము, అందులో ప్రేమ తప్ప ఏమీ ఉండదు. తెనాలిలో పెరిగిన పిల్ల చెవికి అది ‘ఒసేయ్’ అన్నట్టు వినబడే అవకాశం ఎంతో ఉంది. మూడేళ్లుగా ఆమె దాన్ని ఎట్లా వింటున్నదో ఎప్పుడైనా అడిగారా? మీ పూర్తి ఉత్తరంలో అబ్బాయి పేరు ఉంది, మనవడి పేరు ఉంది, చివరకు పాలు పోసే అతని పేరు కూడా ఉంది; కోడలి పేరు మాత్రం ఎక్కడా లేదు. తప్పు పట్టడానికి చెప్పడం లేదు, పిలుపులో ఎంత ఉందో మన కొండకే బాగా తెలుసని గుర్తు చేస్తున్నాను. తిరుమల నంబి ముసలితనంలో పాపవినాశనం నుంచి స్వామి అభిషేకానికి నీళ్లకుండ మోసుకొస్తుంటే, స్వామి బోయపిల్లవాడిగా ఎదురై ‘తాతా, దాహంగా ఉంది’ అని పిలిచాడని, ఆ పిలుపు వల్లనే వారి వంశానికి తాతాచార్యులన్న పేరు వచ్చిందని సంప్రదాయం చెబుతుంది. తన సేవకుణ్ణి పిలవడానికి అంతటి దేవుడు ఎంచుకున్నది ఒక వరస. మీరు మీ కోడలిని ఏమని పిలిస్తే ఆమెకు ఇష్టమో అడగండి. ‘అమ్మాయ్’ అన్నా, పేరుతో పిలిచినా, ఆమె సరేనంటే ‘మే’ అన్నా మంచిదే.

ఇప్పుడు చెయ్యవలసిన పని. క్షమాపణ అన్న మాట మన ఇళ్లలో పెద్దవాళ్ల నోట అలవాటు లేనిది, మీరు బలవంతాన దాన్ని పలికితే ఆ పిల్లే ఇబ్బంది పడి ‘అయ్యో, వద్దత్తయ్యా’ అని పారిపోతుంది. దానివల్ల ఏమీ తేలదు. మీరు మాటను క్రమ్మరించండి, చాలు. అబ్బాయి ఎదుట వద్దు, అతను సాక్షి అయితే అది పంచాయితీ అవుతుంది. ఇద్దరూ వంటింట్లో శెనక్కాయలు ఒలుచుకుంటూనో, ఆకుకూర ఏరుకుంటూనో ఉన్నప్పుడు, చేతులకు పని ఉండి కళ్లు ఒకరినొకరు చూసుకోవలసిన అవసరం లేని వేళ చెప్పండి: ‘ఆ రోజు మీ అమ్మను అన్నాను. ఆ మాట నేను అనకూడదు. అది వెనక్కి తీసుకుంటా ఉండా.’ ఇంతే. దాని తరువాత ‘కాని పాలు మాత్రం’ అని మొదలుపెట్టకండి. ఆ ‘కాని’ వచ్చిందంటే ముందు చెప్పినదంతా తుడిచిపెట్టుకుపోతుంది. ఆమె జవాబు కోసం కనిపెట్టుకొని కూర్చోకండి. మళ్లీ ‘సరే అత్తయ్యా’ అన్నా అననివ్వండి. మూడేళ్ల చెవికి మూడు రోజుల్లో నమ్మకం రాదు.

నా అనుభవం ఒకటి చెబుతాను. నా ఇరవై ఆరో ఏట నాన్నతో కలిసి అలిపిరి మెట్ల దారిన కొండెక్కుతూ, మోకాళ్ల మిట్ట దగ్గర ఆయన పదే పదే కూర్చుంటున్నాడని విసుక్కొని, ‘నీతో వస్తే ఈ జన్మకు దర్శనం కాదు’ అన్నాను. ఆయన ఏమీ అనలేదు, మోకాలు పట్టుకొని లేచాడు. అది చిన్న మాటేనని, ఆయన మరచిపోయి ఉంటాడని ఆరేళ్లు సమాధానపడ్డాను. ఒక రోజు ఎందుకో ఉండలేక, ఆ రోజు అట్లా అనకుండా ఉండవలసింది నాన్నా అన్నాను. ఆయన ఏ రోజు అని అడగలేదు. ‘పక్కన ఒకామె పసుపు కుంకుమ పెడుతూ వస్తా ఉండె, ఆమె కూడా ఆగి చూసింది రా’ అన్నాడు. ఆ మెట్టు మీద ఎవరున్నారో ఆరేళ్ల తరువాత కూడా ఆయన కళ్లకు కట్టినట్టే ఉంది. ఆ తరువాత మేమిద్దరం మళ్లీ కలిసి కొండెక్కాము, ఆయన ఎన్నిసార్లు కూర్చుంటే నేనూ అన్నిసార్లు కూర్చున్నాను. మీరు ఆరేళ్లు ఆగకూడదన్న ఆశతోనే ఇది రాస్తున్నాను.

రోజూ చేసుకోవడానికి ఒక చిన్న సాధన చెబుతాను. సహస్రనామం పూర్తయ్యాక వెంటనే పుస్తకం మూసి లేవకండి. లేచిన తరువాత మీరు మొదట ఎవరితో మాట్లాడబోతున్నారో తలచుకొని, ఆ మొదటి వాక్యాన్ని లోపల ఒకసారి అనుకొని చూడండి. అది పని చెప్పే వాక్యమే అయినా ఫరవాలేదు, పంక్తిలో కూర్చున్నవాళ్లతో అన్నట్టుగా ఉంటే చాలు. తరువాతి వాక్యాలు చాలావరకు దాని వెంటే నడుస్తాయి. తప్పు కనబడినప్పుడు తప్పు గురించే మాట్లాడడం, దాన్ని మనిషి మీదికి, మనిషి నుంచి పుట్టింటి మీదికి పోనివ్వకపోవడం కూడా అలవాటు చేసుకోవాలి. పాలు పొంగితే ‘పాలు పొంగినాయి, ఒక గుడ్డ అందుకో’ అనడానికి పెద్ద ఆధ్యాత్మిక సాధన అక్కరలేదనిపిస్తుంది గాని, కోపం వచ్చిన క్షణాన అంతవరకే అని ఆగడం ఏకాదశి ఉపవాసం కంటే కష్టమని నా నమ్మకం.

మళ్లీ సేవకు వెళ్లే అర్హత ఉందా అన్నారు. తప్పక వెళ్లండి. నోరు పూర్తిగా చల్లబడిన తరువాతే వెళ్లాలంటే అక్కడ వడ్డించడానికి మనుషులే దొరకరు. అయితే ఈసారి తిరిగివచ్చే రోజు విషయంలో జాగ్రత్త పడండి. మీ ఉత్తరంలో ఒక పక్కగా రాశారు, ఆ రోజు పొద్దున ప్రసాదం తప్ప ఏమీ తినలేదని, తిరుపతిలో బస్సు కోసం గంటన్నర నిలబడ్డారని, చిత్తూరు దాకా సీటు దొరకలేదని. అంత ఆకలితో, అంత అలసటతో నేరుగా వంటింట్లోకి అడుగుపెడితే ఎవరి కంటికైనా ముందు కనబడేది అట్టకట్టిన పాలే. వచ్చేసారి కొండ దిగే ముందు అక్కడే కడుపునిండా తిని బయలుదేరండి. బస్సెక్కాక ఇంటికి ఫోను చేసి, అబ్బాయితో కాకుండా కోడలితో మాట్లాడండి. ఇల్లు చేరాక కాళ్లు కడుక్కొని, లడ్డూ సంచి ఆమె చేతికిచ్చి, ముందు గదిలో ఒక పావుగంట కూర్చున్న తరువాతే వంటింట్లోకి వెళ్లండి.